బరువుల పండగ

గున్నమ్మ లెక్కలో లోకంలో రెండే కులాలు. ప్లాంటు వాళ్ళు, ప్లాంటు కాని వాళ్ళు. మొగుడు బలరాం భిలాయి స్టీలు ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ప్లాంటు కాలనీ సెక్టారులో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, క్యాంప్ 2లో రెండు గదుల ఇల్లు కొనుక్కుని వచ్చి ఏడేళ్ళయింది. గున్నమ్మ మనిషి వచ్చింది గాని మనసు ఇంకా ఆ క్వార్టరు వరండాలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. కూరల బండివాడితో బేరమాడినా సరే, "మా సెక్టారులో ఐతేనా" అని ఎత్తుకోకుండా ఉండలేదు.

కొడుకు గిరీష్ వెళ్ళేదీ ప్లాంటుకే. కాకపోతే కాంట్రాక్టు పని. తండ్రీ కొడుకులు ఒకే గేటులోంచి వెళ్ళి ఒకే దుమ్ము పీల్చినా, గేటు బయటికొచ్చాక ఇద్దరూ ఒకటి కాదు. ప్లాంటు ఆసుపత్రిలో ఉచిత వైద్యానికిచ్చే పుస్తకంలో ముసలాళ్ళిద్దరి పేర్లే ఉన్నాయి. కొడుకు పేరు లేదు, కోడలు సాయిప్రియ పేరు లేదు, పద్నాలుగు నెలల మనవరాలు వాసవి పేరు అసలే లేదు. ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియదని గున్నమ్మ నమ్మకం. వీధిలో అందరికీ తెలుసు.

సాయిప్రియ పవర్ హౌస్ బజారులో ఒక చీరల కొట్టులో పని చేస్తుంది. పొద్దున్న తొమ్మిదిన్నరకి వెళితే దీపాలు పెట్టాక గాని ఇంటికి రాదు. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి నోట్లో హిందీ తిరిగినంత సులువుగా తెలుగు తిరగదు. వాసవి పెంపకమంతా నాయనమ్మదే. ముద్దుకి లోటు లేదు, దిష్టి చుక్కకి లోటు లేదు. తిండి దగ్గరే వచ్చింది చిక్కు. పిల్ల ఏడ్చినప్పుడల్లా గున్నమ్మ టీలో బిస్కట్టు ముంచి నోట్లో పెట్టేది. పిల్ల ఠక్కున ఊరుకునేది. కడుపు నిండింది గదా అని ఈవిడ అనుకునేది. అన్నం వేళకి పిల్ల మొహం తిప్పేసుకుంటే, "నా తల్లికి సెక్టారు నోరు, ఏది పడితే అది తినదు" అని మురిసిపోయేది కూడాను.

చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు పల్లెలో తాను చోడి అంబలి, అంటే రాగంబలి, తాగే పెరిగింది. ఆ అంబలి వాసనంటేనే ఆవిడకి ఇప్పుడు పడదు. అది లేమి రోజుల తిండి. ఇక అంగన్‌వాడీ నుంచి వారం వారం వచ్చే సర్కారు పిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. పొట్లాన్ని పుచ్చుకోకపోతే బాగుండదని పుచ్చుకునేది, పక్కింటి ఆవుకి పెట్టేది. ఆ ఆవు మాత్రం ఈ ఏడాది బాగా ఒళ్ళు చేసింది.

వీధి చివర అంగన్‌వాడీ నడిపేది దులారి. ఛత్తీస్‌గఢీ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. తన తల్లిని పిలిచినట్టే గున్నమ్మనీ "దాయీ" అని పిలిచేది. ఆషాఢంలో పిల్లల్ని తూచినప్పుడు వాసవి ఏడు కిలోలు తూగింది. పిల్లల కార్డులో మూడు రంగుల పట్టీలుంటాయి. పచ్చలో ఉంటే బాగున్నట్టు, పసుపులోకి జారితే జాగ్రత్త పడమన్నట్టు, ఎరుపైతే ఆసుపత్రికి పరుగెత్తమన్నట్టు. వాసవి చుక్క పసుపులో పడింది. "పాప కమ్జోర్ అవుతోంది, చిక్కిపోతోంది దాయీ" అంది దులారి, పాపం మెల్లగానే.

మెల్లగా అన్నా వినాల్సిన చెవిలో పడనే పడింది. ఇటికలు మోసే జోగమ్మ అక్కడే ఉంది. ఆవిడ మనవడు అప్పుడే పచ్చలో తూగి, అమ్మమ్మ చంకలో సొరబుర్రలా ఊగుతున్నాడు.

"ఓలప్పా, కూసింత సోడంబలి పట్టరాదేటి గుంటకి? మా గుంటడికి నానదే పడతన్నాను" అంది జోగమ్మ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అయినా గున్నమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇటికలు మోసే ఇంటి పిల్లాడు పచ్చలోనూ, ప్లాంటు ఫిట్టరు మనవరాలు పసుపులోనూనా! ఇంటికొచ్చి మొగుడితో చెప్పలేదు, కోడలితో చెప్పలేదు. కార్డు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది.

శ్రావణంలో "వజన్ త్యోహార్" వచ్చింది. బరువుల పండగ. ఛత్తీస్‌గఢ్‌లో సర్కారు వాళ్ళు చేసే తంతు అది. అంగన్‌వాడీకి మామిడాకులు కడతారు, వీధి పిల్లలందరినీ పిలిచి అందరి ముందూ తూస్తారు, గోడకి పెద్ద కాగితం అంటించి ప్రతి పిల్ల పేరు పక్కనా రంగు చుక్క పెడతారు. బరువు తగ్గిన బిడ్డని కనిపెట్టి కాపాడ్డానికి పెట్టిన పండగ. గున్నమ్మకి మాత్రం అది పరువు తూచే పండగలా కనిపించింది. గోడ మీద "వాసవి, బలరాం గారి మనవరాలు" అని రాసి పక్కన పసుపు చుక్కా! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ పల్లకీ ఇప్పుడు నడివీధిలో దించేస్తారన్నమాట.

పండగ ముందురోజు మధ్యాహ్నం, బలరాం కునుకు తీస్తుంటే, మంచం కింది నుంచి అతని రేకు డబ్బా లాగింది. రిటైరైన ఫిట్టరు ఇంట్లో నట్లకీ బోల్టులకీ కరువేముంటుంది? చప్పుడుకి బలరాం ఒక కన్ను తెరిచాడు.

"ఏటే ఎతుకుతున్నావు?"

"గుమ్మం తెర ఎగిరిపోతన్నాది. అంచుకి బరువు కట్టాల."

"పెద్దవి అడుగున్నాయి సూడు" అని సాయం చెప్పి మరీ పడుకున్నాడు.

పిడికిలి నిండేంత పెద్ద నట్లు మూడు ఏరింది. పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డలో ఒకదాని పక్కన ఒకటి పెట్టి గట్టిగా కుట్టింది. మీద కుంకుమ బొట్లు పెట్టింది. చూస్తే అచ్చం ముడుపే. మర్నాడు పిల్ల నడుముకి కట్టి మీద గౌను తొడిగింది. బరువుకి పిల్ల అటూ ఇటూ మెసిలింది. "ఊరుకోమ్మా, గడియలో ఇప్పేస్తాను" అని బుజ్జగించింది. ముగ్గురు పిల్లల్ని కని పెంచిన మనిషి, చేతిలో ఉన్న బిడ్డ ఎంత తేలికైపోయిందో ఆ క్షణాన తెలుసుకోవలసింది. ఆవిడ చూపంతా గోడ మీది చుక్క మీదే ఉంది.

అంగన్‌వాడీలో దులారి గౌను విప్పించింది. నడుముకున్న పసుపు గుడ్డ చూసి, "ఇదీ తీయాలి దాయీ, బట్టలేవీ ఉండకూడదు" అంది.

"మాతా కా హై" అంది గున్నమ్మ తనకొచ్చిన హిందీలో. "మా ఊరి అమ్మోరి ముడుపు. తీన్ మహీనా నహీ ఖోల్నా. మూడు నెల్ల లోపల ఇప్పితే పిల్లకి అరిష్టం."

దులారి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ జోడించి, ముడుపుకి దండం పెట్టి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. అప్పుడు పిల్లని త్రాసులో కూర్చోబెట్టింది. ఏడు కిలోల ఆరువందలు. "అరే వాహ్!" అని చప్పట్లు కొట్టింది. గోడ మీద వాసవి పేరు పక్కన పచ్చ చుక్క పడింది. జోగమ్మ కూడా, "పోన్లే అప్పా, గుంట కోలుకున్నాది" అని సంతోషించింది. గున్నమ్మ తలెత్తుకుని ఇంటికొచ్చి, గుడ్డ విప్పి, నట్లు మళ్ళీ డబ్బాలో పడేసింది. సిగ్గా? ఆ పూట ఆవిడకి సిగ్గు దరిదాపుల్లో లేదు. గెలిచానన్న సంబరంలో ఇంకో రెండు బిస్కట్లు ముంచి పెట్టింది పిల్లకి.

పచ్చ చుక్క ఊరికే ఉండలేదు, తన పని తాను చేసుకుపోయింది. మర్నాడే డాక్టరు వచ్చి పసుపు, ఎరుపు పిల్లల్ని చూసి మందులిచ్చి వెళ్ళాడు. జాబితాలో వాసవి పేరు కొట్టేసి, "మీ పాపకి ఇంక అక్కర్లేదు దాయీ" అని నవ్వింది దులారి. పిల్ల నలతగా ఉందని కొట్టుకి వారం సెలవు పెడదామనుకున్న సాయిప్రియ, అత్త చూపించిన కార్డులో పచ్చ చూసి, ఆ ఊసు మానుకుంది.

మూడు వారాలు తిరిగేసరికి వాసవికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజుకి కళ్ళు గుంటలు పడ్డాయి. అయిదో రోజు పొద్దున్న పిల్ల ఏడవడం మానేసింది. ఏడుపు మానేసిన పిల్లని చూసి సాయిప్రియ కొట్టూ లేదు గిట్టూ లేదని ఆటో ఎక్కింది. గిరీష్ డ్యూటీలో ఉన్నాడు. గున్నమ్మ వెంట వెళ్ళింది.

దుర్గ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చిక్కిపోయిన పిల్లల కోసమే ఒక వార్డుంది. బిడ్డతో తల్లిని కూడా పదిహేను రోజులు ఉంచుకుని, గంట గంటకీ కొలిచి తిండి పెట్టి కోలుకునేలా చేస్తారు. అక్కడి నర్సు వాసవి ఒంటి మీద నూలు పోగు లేకుండా తీసి తూచింది. ఆరు కిలోల మూడువందలు. నర్సు కార్డు చూసింది, మళ్ళీ తూచింది. అదే బరువు. డాక్టరు పిలిపించుకుని చూసింది. చిన్న వయసు ఆవిడ, కంఠం మాత్రం కటువు.

"మూడు వారాల కిందట ఏడు కిలోల ఆరువందలు. ఇప్పుడు ఆరూ మూడువందలు. కిలో మూడువందలు పోయింది. ఉత్త విరేచనాలకి ఇంత పోదు. లోపల ఇంకేదో పెద్ద జబ్బుంది" అంది హిందీలో. రక్తం తీయాలంది. ఎక్స్‌రే అంది. క్షయ ఉందేమో చూడటానికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి నీరు తీస్తామంది. అప్పటికీ తేలకపోతే రాయపూర్ పంపుతామంది.

ఆ మధ్యాహ్నమే దులారి వచ్చింది, వెనకాలే ఆవిడ పై అధికారి సూపర్‌వైజరు మేడం. ఆసుపత్రి నుంచి ఫోను వెళ్ళింది మరి. ఇంట్లో కూర్చుని బరువులు రాసేస్తున్నావా, నీ ఉద్యోగం తీయించేస్తాను అని సూపర్‌వైజరు ఆ వార్డు మధ్యలోనే దులారిని కడిగేసింది. ఆరుగురు తల్లులు ఆరు మంచాల మీంచి చూస్తున్నారు. సాయిప్రియ ఊరుకుంటుందా? బిడ్డ తల్లి కదా.

"మీరు పచ్చ చుక్క పెట్టారని నమ్మి నేను కొట్టుకి పోయాను దీదీ! నా పాప ఇలా ఎండిపోతుంటే నేను చీరలు మడతపెడుతూ కూర్చున్నాను!" అని హిందీలో అరిచింది.

"ముడుపు ఉంచి తూచాను, అది నా తప్పే. కాని మేడం, ముడుపెంత బరువుంటుంది?" అంటూ దులారి వాసవి వైపు చూసింది. పిల్ల నడుము బోసిగా ఉంది. దులారి గున్నమ్మ వైపు తిరిగింది. "ముడుపు విప్పేశారా దాయీ? మూడు నెలలు కాలేదే. అందుకే పాపకిలా అయ్యిందేమో."

అనుమానంతో అన్నది కాదు. నిజంగా దిగులుపడి అంది. అది ఇంకా ఘోరం. చెప్పేయ్, చెప్పేయ్ అని గున్నమ్మ లోపల ఒకటే పోరు. ఆరు మంచాలు, కోడలు, డాక్టరు. ఇంతమంది ముందా? సాయంత్రం చెప్పొచ్చు, దులారిని పక్కకి పిలిచి చెప్పొచ్చు. కుక్కిన పేనులా గోడకంటుకుపోయింది. ఒక మనిషి ఉద్యోగం తన కళ్ళముందే ఊడిపోతుంటే చూస్తూ నిలబడింది. అలా నిలబడగలిగినందుకు తర్వాత ఆవిడ తనని తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

అంతలో నర్సు ట్రే పట్టుకొచ్చింది. ముందు రక్తం. ఎడమ చేతిలో నరం దొరకలేదు. కుడి చేతిలో దొరకలేదు. పాదం పట్టుకుని సూది గుచ్చింది. పొద్దుట్నుంచి ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది. గొంతు లేదు, నోరు మాత్రం తెరుచుకుంది. నర్సు సన్నటి గొట్టం తీసి, పిల్ల ముక్కు పక్కన పెట్టి పొడవు కొలిచింది.

"ఎయ్యకండి!" అంది గున్నమ్మ.

అందరూ చూశారు. ఆవిడ మంచం దగ్గరకొచ్చి గొట్టానికీ పిల్లకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టింది. హిందీలో ఎత్తుకుంది, రెండు ముక్కలు రాలేసరికి ఆగిపోయింది. అంత పెద్ద అబద్ధాన్ని రెండు ముక్కల హిందీలో చెప్పగలిగిన మనిషికి నిజం చెప్పడానికి ఆ భాష చాల్లేదు. కోడలి వైపు తిరిగింది.

"సాయీ, నాను సెప్తాను. నువ్వు డాక్టరమ్మకి సెప్పు. ఆ ఏడున్నర అబద్ధం. గుంట అంత ఎప్పుడూ నేదు."

సాయిప్రియ ఏమీ అర్థం కానట్టు చూసి, ఆ మాట హిందీలో చెప్పింది.

"ముడుపులో అమ్మోరు నేదు. మీ మావయ్య నట్లున్నాయి. మూడు."

సాయిప్రియ "ఉస్ మే..." అని మొదలుపెట్టి ఆగింది. డాక్టరు "చెప్పమ్మా" అంది. సాయిప్రియ చెప్పింది. అత్త చేసిన పని కోడలు తన నోటితోనే, ఒక్కొక్క ముక్కా మోసుకెళ్ళి డాక్టరుకి అప్పగించాల్సి వచ్చింది.

"పచ్చలో పడాలని కట్టినాను. జోగమ్మ ముందర తల దించుకోలేక కట్టినాను."

అదీ చెప్పింది.

"మూడూ ఎంత బరువుంటాయి?" అని డాక్టరు అడిగింది.

"ఒక్కోటి పావుకిలోకి కూసింత తక్కువ."

డాక్టరు కాగితం మీద లెక్క వేసింది. ఏడూ ఆరువందలు కొట్టేసి ఆరూ తొమ్మిదివందలు రాసింది. "అంటే అప్పటికే తగ్గిపోతోంది. ఆవేళే డాక్టరు చూడాల్సిన పిల్ల" అంది. తిట్టినా బాగుండేది. "ఇంట్లో ఏం పెడుతున్నారు?"

"టీలో బిస్కట్టు."

"అంగన్‌వాడీ పిండి?"

"పక్కింటావుకి" అంది గున్నమ్మ.

"గాయ్ కో" అంది సాయిప్రియ. ఆ రెండు మాటలూ పక్క మంచానికి కూడా వినపడీ వినపడనంత చిన్నగా వచ్చాయి. అయినా వార్డులో అందరూ విన్నారు. ఎవరైనా నవ్వితే బాగుండునని గున్నమ్మ అనుకుంది. ఎవరూ నవ్వలేదు. ఎముకల గూళ్ళలాంటి తమ బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆ తల్లులు, ఇంటికొచ్చిన తిండిని ఆవుకి పెట్టిన మనిషిని వింతగా చూశారు. అంతే.

"గొట్టం ఇప్పుడొద్దు" అంది డాక్టరు నర్సుతో. "ఈ రక్తం చాలు. ముందు పాలు మొదలుపెట్టండి."

సూపర్‌వైజరు కాగితం ముందుకు తోసింది. జరిగింది రాసి సంతకం పెట్టమంది. సాయిప్రియ రాసింది, గున్నమ్మ తెలుగులో సంతకం చేసింది. సంతకం చేశాక దులారి వైపు చూడక తప్పలేదు. దులారి కోపంగా ఉంటే కాళ్ళు పట్టుకుందామనుకుంది.

"నేను దానికి దండం పెట్టాను దాయీ" అంది దులారి.

సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఉద్యోగం ఉంటుందో పోతుందో గున్నమ్మ అడగలేకపోయింది. అడిగే హక్కు లేదని తెలుసు.

నర్సు వచ్చి, పిల్ల దగ్గర ఒక్కరే ఉండాలి, పదిహేను రోజులు కదలకూడదు, ఎవరుంటారని అడిగింది. గున్నమ్మ ఆశ చావక నోరు తెరిచింది. "నువ్వు ఎలిపో సాయీ. కొట్టువోడు ఇన్నాళ్ళు సెలవివ్వడు, ఉద్యోగం పోద్ది. నానుంటాను."

సాయిప్రియ ఎప్పుడూ మాట్లాడే హిందీ వదిలేసింది. ఒక్క మాట కూడా తప్పిపోకూడదన్నట్టు వెతుక్కుని వెతుక్కుని తెలుగులో చెప్పింది.

"ఉద్యోగం పోతే పోనీ అత్తా. పాపని మాత్రం నీ దగ్గర వదలను."

గున్నమ్మ తలూపింది. న్యాయమే మరి. వెళ్ళి గుమ్మం పక్కన కూర్చుంది.

నర్సు చిన్న గిన్నెలో కొలిచి పాలు తెచ్చింది. అరగంటలో మొత్తం తాగించాలని, ఒలకకూడదని చెప్పింది. సాయిప్రియ పిల్లని ఒళ్ళో వేసుకుని చెంచా పెదాలకానించింది. వాసవి మొహం తిప్పేసింది. మళ్ళీ పెట్టింది. పిల్ల పళ్ళు బిగించింది, పాలు మెడ మీదికి కారాయి. పగలంతా కొట్టులో ఉండే తల్లి చేతి ముద్ద ఆ పిల్లకి అలవాటు లేదు. నర్సు చెంచా తీసుకుని చూసింది, లాభం లేకపోయింది. వాసవి మాత్రం తల పక్కకి వాల్చి, గుమ్మం దగ్గరున్న నాయనమ్మని చూసి, సూదిపోట్లున్న చెయ్యి ఆవిడ వైపు చాచింది.

సాయిప్రియ ఆ చెయ్యి చూసింది, గిన్నె చూసింది. గిన్నెలో పాలు చల్లారిపోతున్నాయి.

"రా" అంది చివరికి. "నువ్వే పట్టు. నేను చూస్తుంటాను."

గున్నమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. గిన్నె పట్టుకుని చెంచా ముంచింది. కోడలు ఒక్కొక్క చెంచానీ కంటితో కొలుస్తోంది, ఆరు మంచాలూ చూస్తున్నాయి. ఆవిడ చేసిన పని తెలియని మనిషి ఆ వార్డులో ఒక్కతే మిగిలింది. ఆ ఒక్కతీ నాయనమ్మని చూసి, చెంచా ఇంకా దగ్గరికి రాకముందే నోరు తెరిచింది.